మూడు ముసలి బ్యాండ్లు, ఒక ఎక్సెల్ షీటు

మా హాస్టల్ గదిలో రెండు మంచాలు, ఒక ఫ్యాను, ఒక బ్లూటూత్ స్పీకరు ఉండేవి. స్పీకరు నాది. అందులో మోగే పాటలు మాత్రం మా రూమ్మేట్‌వి. వాడిది సిరిసిల్ల, నాది తెనాలి. అప్పటిదాకా నాకు గిటార్ అంటే దేవిశ్రీ ప్రసాద్ పాటల్లో వినిపించేదే. ఫస్టియర్‌లో ఒక రాత్రి వాడు గన్స్ ఎన్ రోజెస్ 'నవంబర్ రెయిన్' పెట్టాడు. దాదాపు తొమ్మిది నిమిషాల పాట. మధ్యలో "ఇంకా అవ్వలేదా రా?" అని రెండుసార్లు అడిగాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ గదిలోనే ఒక ఒప్పందం చేసుకున్నాం. ఉద్యోగాలు రాగానే లింకిన్ పార్క్‌ని ఎక్కడున్నా సరే వెళ్ళి లైవ్‌లో చూడాలి. మేం ఫోర్త్ ఇయర్‌లోకి వచ్చిన కొత్తలో, 2017 జూలై 20న, చెస్టర్ బెన్నింగ్టన్ చనిపోయాడు. వార్త తెలిసిన రోజు వాడు మెస్సుకి రాలేదు. "చూడాలనుకున్నోళ్ళని జల్ది చూడాలె రా" అన్నాడు. అన్నాడే గానీ, ఆ తర్వాత ఏడేళ్ళు ఇద్దరం ఒక్క కచేరీకీ పోలేదు. స్ప్రింట్లు, రిలీజులు, ఈఎంఐలు. మీకు తెలియనివి కావు.

2025లో పరిస్థితి మారింది. మూడు నెలల్లో మూడు పెద్ద బ్యాండ్లు మనకి అందేంత దూరానికి వస్తున్నాయి. మార్చిలో ముంబై లొల్లాపలూజాలో గ్రీన్ డే. ఏప్రిల్ 19న అబుదాబిలో మెటాలికా. మే 17న మళ్ళీ ముంబైలోనే గన్స్ ఎన్ రోజెస్. మూడూ చూసే స్తోమత లేదు. నేను ఇంజినీర్ని కాబట్టి ఎక్సెల్ తెరిచాను.

ముసలి బ్యాండ్‌ని ఎంచుకోవడం కొత్త బ్యాండ్‌ని ఎంచుకున్నట్టు కాదండీ. పాటలు బాగుంటాయా అన్న ప్రశ్నే లేదు, అవి ఎప్పుడో తేలిపోయాయి. అసలు మనుషులు ఎంతమంది మిగిలారు? గొంతు మిగిలిందా? మన దేశానికి మళ్ళీ వస్తారా? ఈ మూడే చూసుకోవాలి.

గ్రీన్ డే లెక్క తేలిక. 1990 నుంచీ అదే ముగ్గురు. పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి 53 ఏళ్ళు, మిగతావాళ్ళ పక్కన కుర్రాడే. ఇండియాలో వాళ్ళకిదే మొదటి షో. కానీ ఆ వారాంతం మాకు ప్రొడక్షన్ రిలీజ్. ఆ వరుస కొట్టేశాను.

మెటాలికా నా ప్రాణం. జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్రిక్ 1981లో మొదలుపెట్టి ఇప్పటికీ కలిసే ఉన్నారు. హెట్‌ఫీల్డ్‌ది కింది స్థాయిలో గరగరలాడే గొంతు, వయసు దాన్ని పెద్దగా పాడు చేయలేకపోయింది. 2011లో వాళ్ళు ఇండియాకి వచ్చారు. అక్టోబర్ 28న గుర్‌గావ్ షో ఆఖరి నిమిషంలో రద్దయితే జనం స్టేజీ మీద పడ్డారు, రెండ్రోజుల తర్వాత బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం ఆడారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెనాలి నుంచి బెంగళూరు వెళ్తానంటే మా నాన్న ఏమనేవారో మీ ఊహకే వదిలేస్తున్నా.

ఇక గన్స్ ఎన్ రోజెస్. 1987 నాటి 'అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' ఆల్బమ్‌లోని ఐదుగురిలో ముగ్గురే మిగిలారు: ఆక్సల్ రోజ్, స్లాష్, డఫ్ మెకేగన్. 2012లో ఇండియా వచ్చినప్పుడు స్లాష్, డఫ్ లేరు, 2016లో గానీ తిరిగి కలవలేదు. అసలు చిక్కు ఆక్సల్ గొంతుతో. ఆ పాటలన్నీ పాతికేళ్ళ కుర్రాడు పైస్థాయిలో అరిచినవి. ఇప్పుడాయనకి 63. యూట్యూబ్‌లో ఈమధ్య వీడియోలు చూసి నేను మార్కులు వేస్తే పదికి నాలుగు వచ్చాయి.

అడుగున నాలుగో వరుస కూడా ఉంది, ఎర్ర రంగులో. జూలై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బత్‌తో ఓజీ ఆస్‌బోర్న్ ఆఖరి షో. యూకే వీసా, విమానం టికెట్... సరదాకి పెట్టుకున్న వరుస అది.

మొత్తం కూడితే మెటాలికా గెలిచింది. షీటు మావాడికి పంపాను. రెండ్రోజులు జవాబు లేదు. మూడో రోజు "నువ్వు పోయి రా, వీడియోలు పంపు" అని మెసేజ్. ఫోన్ చేసి గట్టిగా అడిగితే బయటపడింది. జనవరిలోనే వాడి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి రూము నుంచి బయటపడి లైబ్రరీలో కూర్చుంటున్నాడట.

నిజం చెప్పాలి. అది విన్న వెంటనే నేను మెటాలికా ఆశ వదిలేయలేదు. ఆ రాత్రి టికెట్ పేజీ తెరిచి, కార్డు నంబరు కొట్టి, ఓటీపీ వచ్చేదాకా వెళ్ళాను. ఓటీపీ వచ్చింది కూడా. దాన్ని చూస్తూ కూర్చుంటే టైమ్ అయిపోయింది. మళ్ళీ పంపమని నొక్కలేదు. మర్నాడు ముంబైకి రెండు టికెట్లు తీసి, "పైసలు ఉద్యోగం వచ్చినంక ఇయ్యి" అని వాడి యాసలోనే మెసేజ్ పెట్టాను. "నా భాష ఖరాబు చెయ్యకు" అని రిప్లై వచ్చింది. ఒప్పుకున్నాడన్నమాట.

శుక్రవారం హాఫ్ డే లీవు పెట్టి నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారకముందే దాదర్‌లో దిగాం. లాడ్జి అక్కర్లేదు, వర్లీ బీడీడీ చాల్‌లో మావాడి మేనత్త ఉంటుంది. తెలంగాణ నుంచి పద్మశాలీలు తరాల కిందటే ముంబై బట్టల మిల్లులకి వలస పోయారు. మావాడి తాత కూడా అలాగే లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. 1982లో మొదలైన పెద్ద సమ్మెతో మిల్లులు మూతబడితే సిరిసిల్ల తిరిగొచ్చి పవర్‌లూమ్ పెట్టుకున్నాడు. కూతురు మాత్రం పెళ్ళయి అక్కడే ఉండిపోయింది. (తెలుగువాళ్ళ జాడ ఆ నగరంలో ఇంకా పాతది. కామాటిపుర పేరు వచ్చింది అక్కడ కూలి పనులు చేసిన మన కామాటీల వల్లే.)

చాల్ అంటే 1920ల్లో కట్టిన మూడంతస్తుల మేడల వరస. ఒక్కో కుటుంబానికి 160 చదరపు అడుగుల గది. మా ఆఫీసులో మీటింగ్ రూము అంతకన్నా పెద్దది. అందులోనే వంట, పడక, దేవుడి గూడు, టీవీ. మరుగుదొడ్లు అంతస్తు చివర, అందరికీ కలిపి. అత్తమ్మ మాకు జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టింది. ఆమె తెలుగులో మధ్యమధ్య మరాఠీ దొర్లుతుంది. సాయంత్రం ఎక్కడికని అడిగితే రేస్‌కోర్సులో పాటల కచేరీ అని చెప్పాం. నవ్వింది. "మా నాయిన జీతం దినం అటే పోయేటోడు, గుర్రాల మీద పెట్టనీకి. ఒక్కసారి గెల్వలే."

నేను సంచిలోంచి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తీసి చూపించాను. పెద్ద కచేరీకి వెళ్తే తప్పకుండా కొనుక్కోండి, మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. కచేరీల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, స్పీకర్ల దగ్గర నిలబడితే ఆ అంకె మిమ్మల్ని కాపాడదు. అత్తమ్మ వాటిని వేళ్ళతో నలిపి చూసింది.

"మా నాయినకు ఇరవై ఏండ్లు మిల్లుల చేస్తే చెవులు పోయినయి బిడ్డా. ఆ సప్పుడుల నిలబడ్డందుకు ఆయనకు జీతమిచ్చేటోళ్ళు. మీరేంది, ఉల్టా పైసలిచ్చి పోతున్నరు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

"ఆఫీసుల ఎట్లుంది రా?" అని మావాడిని అడిగింది. "మస్తు పనుంది అత్తమ్మా" అన్నాడు వాడు, పళ్ళెంలోకి చూస్తూ. నేనూ "అవునండీ, అసలు తీరికుండదు" అని తాళం వేశాను.

సాయంత్రం ఈ.మోజెస్ రోడ్డు మీద నడుచుకుంటూ మహాలక్ష్మి చేరాం. మే నెల ముంబై, నాలుగడుగులకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రేస్‌కోర్సు 1883 నాటిది. చుట్టూ ఆకాశాన్ని తాకే టవర్లు, మధ్యలో అంత ఖాళీ నేల. గేటు దగ్గర నల్ల టీషర్టుల సముద్రం. మా పక్కన యాభై దాటిన ఒకాయన తన కూతురితో వచ్చారు. బొట్టు పెట్టుకుని, తలకి ఆక్సల్ లాగా ఎర్ర గుడ్డ కట్టుకున్నారు. చూడముచ్చటగా ఉన్నారు.

షో ఎలా ఉంది? నా షీటు పూర్తిగా తప్పు కాదు. పైస్థాయికి వచ్చినప్పుడు ఆక్సల్ గొంతు సన్నబడి, ఒక్కోసారి కార్టూన్ బొమ్మ మాట్లాడినట్టు ఉంది. రెండు మూడు పాటల్లో నేను మొహం చిట్లించాను. కానీ స్లాష్‌కి పదికి తొమ్మిది వేసి తప్పు చేశాను, ఇంకా వేయాల్సింది. అదే పొడుగు టోపీ, మొహం మీద జుట్టు. 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' మొదటి నాలుగు స్వరాలు పడగానే అన్ని వేలమంది ఒకేసారి ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. యూట్యూబ్‌లో ఆ ఊపిరి వినపడదు.

'నవంబర్ రెయిన్'కి ఆక్సల్ పియానో ముందు కూర్చున్నాడు. చుట్టూ అందరూ ఫోన్లెత్తారు, నేనూ ఎత్తాను. మావాడు తీయలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. రెండో సోలో మొదలవుతుండగా నా చెవి దగ్గర ఏదో అరిచాడు. ప్లగ్ తీస్తే, "ఇంటికి పోయి నాయినకు చెప్త రా" అన్నాడు. నేను తలూపాను. ఆ వీడియోలో సగం నుంచి నేల, ఎవరిదో చెప్పు, నా బూటు కనిపిస్తాయి. డిలీట్ చేయలేదు.

'ప్యారడైజ్ సిటీ'తో ముగిశాక బయటికి రావడానికే చాలాసేపు పట్టింది. తినడానికి వడాపావ్ ఒక్కటే దొరికింది. దాని గురించి రాయడానికేం లేదు, ఆకలి అంతే.

ఆదివారం బయల్దేరుతుంటే అత్తమ్మ మావాడి చొక్కా జేబులో ఐదొందల నోటు పెట్టింది. వాడు తీసివ్వబోతే చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడొచ్చినా ఆ లాప్‌టాప్ సంచి తెస్తుంటివి. ఈసారి తేలే. ఉంచుకో." ఇంకేం అడగలేదు. మెట్లు దిగేదాకా మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

మెటాలికా అబుదాబి వీడియోలు తర్వాత చూశాను. షోగా అదే గొప్పదని ఇప్పటికీ అంటాను, మావాడితో గొడవ కూడా పడతాను. ఎర్ర వరుసలోని ఓజీ జూలై 5న సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. 22న చనిపోయాడు. ఆ రోజు షీటు తెరిచి ఆ వరుస రంగు తీసేశాను.

మావాడికి ఆగస్టులో ఉద్యోగం వచ్చింది, జీతం మునుపటికన్నా తక్కువ. టికెట్ డబ్బులు రెండు విడతల్లో పంపాడు. అదే ఆగస్టులో వర్లీ చాళ్ళ వాళ్ళలో మొదటి 556 కుటుంబాలకి కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళాలిచ్చారు. అత్తమ్మ చాల్ వంతు ఇంకా రాలేదు.

ఇప్పుడు కొత్త తగువు మొదలైంది. 2026 జనవరి లొల్లాపలూజాకి లింకిన్ పార్క్ వస్తోంది. అదే మహాలక్ష్మి రేస్‌కోర్సు. చెస్టర్ చోట ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడుతుంది. "చెస్టర్ లేకుంట అది లింకిన్ పార్కే కాదు, నేను రాను" అని మావాడు ఖరాఖండిగా చెప్పాడు. నిన్న రాత్రి పన్నెండింటికి మళ్ళీ మెసేజ్ పెట్టాడు.

"షీటుల ఆమె గొంతుకు ఎన్ని ఏసినవ్ రా?"

ఇంకా వేయలేదు.