గోడలోపలి తీగ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను రెండూ చేశాను. చెల్లెలి పెళ్ళి 2010లో, ఇల్లు 2012లో. ఈ రెండు గండాలూ గడిచినవాడికి మూడోది ఉండదని ధైర్యంగా ఉన్నాను. పెద్దలు ఒక మాట చెప్పకుండా దాటవేశారని 2024 వేసవిలో గాని నాకు తెలిసిరాలేదు. కంప్యూటరు కట్టి చూడు!

"కట్టడమేమిటండీ? కొనుక్కోరాదూ?" అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను.

మా అమ్మాయి ఆ ఏడు ఇంజనీరింగు రెండో సంవత్సరంలోకి వచ్చింది. తెనాలి నుంచి రోజూ బస్సులో కాలేజీకి వెళ్ళివస్తుంది. మా ఇంట్లో ఉన్న కంప్యూటరు 2011 నాటిది. దాని స్విచ్చి నొక్కి, స్నానం చేసి, కాఫీ తాగి వస్తే, అప్పటికి కళ్ళు నులుముకొంటూ ఉండేది. తెలుగు లెక్చరరు ప్రశ్నపత్రాలకు అది చాలు. అమ్మాయి చదువుకు చాలదు.

ఆ సమయానికి మా ఆవిడ చీటీ పాడింది. చేతికి 45,000 రూపాయలు వచ్చాయి. గాజులు మార్పించుకొందామని రెండేళ్ళుగా దాచుకొన్న ఆశ అది. "గాజులెక్కడికి పోతాయి? ముందు పిల్ల సంగతి చూడండి" అని డబ్బు నా చేతిలో పెట్టింది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

నేను ల్యాప్‌టాప్ కొందామన్నాను. అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"ఈ డబ్బుకు వచ్చే ల్యాప్‌టాప్‌లో చాలా భాగాలు బోర్డుకే అతికించి ఉంటాయి, నాన్నా. ఒకటి పోతే మొత్తానికే చేటు. విడిభాగాలు కొని మనమే బిగించుకొంటే, ఏది చెడితే అదే మార్చుకోవచ్చు. రేపు డబ్బుంటే ఏది కావలిస్తే అది చేర్చుకోవచ్చు."

"బిగించేదెవరు?"

"నేనే."

మా ఇంట్లో ఫ్యానుకు కెపాసిటరు మార్చాలన్నా మనిషిని పిలుస్తాము. అయినా పిల్ల అంత ధీమాగా చెప్పాక కాదనలేకపోయాను.

అప్పటినుంచి వారం రోజులు మా భోజనాల బల్ల మీద ఒకటే లెక్కలు. ఇంటికి ఖర్చు రాసుకొన్నట్లు తొమ్మిది పద్దులు రాసింది అమ్మాయి. విసుగు లేకుండా నాకు పాఠం చెప్పింది. నలభై దాటినవాడు కూతురి దగ్గర కూర్చుని పాఠం వినడంలో ఒక సుఖం ఉన్నది సుమండీ!

మొదటిది ప్రాసెసరు. పని చేసేది ఇదే. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి అనే రకం ఎంచింది. 2021లో వచ్చినది. లోపల ఆరుగురు పనివాళ్ళున్నారని చెప్పింది. బొమ్మ తెరమీదికి పంపే పని కూడా అదే చేసుకొంటుంది కనుక, ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. గాలి విసిరే పంకా కూడా పెట్టెలోనే ఉచితంగా వస్తుంది.

"మూడేళ్ళ కిందటిదా? కొత్తది రాలేదా?" అన్నాను.

"వచ్చింది నాన్నా. 2022లో కొత్త సాకెట్టు వచ్చింది. దానికి బోర్డూ ఖరీదే, ర్యామూ డి.డి.ఆర్. 5 రకమే ఉండాలి. మన డబ్బు వాటితోనే అయిపోతుంది. ఇది 2016 నాటి సాకెట్టు. ముందు ముందు దీనికి పెద్ద ప్రాసెసర్లు ఎక్కువగా రావు. కాని నాలుగైదేళ్ళు నిశ్చింతగా గడుస్తుంది."

లాభం చెప్పి నష్టం దాచే దుకాణదారుల మధ్య బతికినవాణ్ణి. రెండూ కలిపి చెప్పిన పిల్లను చూసి ముచ్చటపడ్డాను.

రెండవది మదర్ బోర్డు. అన్నీ దీనికే తగిలించాలి. బాగా పాత బోర్డు చవకగా దొరుకుతుంది గాని, దానిలోని బయాస్ అనే మూల ప్రోగ్రాము కొత్త ప్రాసెసరును గుర్తుపట్టకపోవచ్చు. అందుకని బి550 రకం. ర్యాము పెట్టే గాళ్ళు నాలుగుంటే రెండే నింపుదామన్నది.

మూడవది ర్యాము. మొత్తం 16 జి.బి. కావాలి. పదహారుది ఒకటి కొంటే సరిపోదా అంటే కాదన్నది. ఎనిమిదేసివి రెండు కొంటే, జోడెద్దుల బండి లాగినట్లు రెండూ ఒక్కసారే లాగుతాయట. ఈ ప్రాసెసరు బొమ్మల పనికి కూడా ఆ ర్యామునే వాడుకొంటుంది కనుక జోడు తప్పనిసరి.

నాలుగవది నిలవ ఉంచే చోటు. పాత కంప్యూటరు నిద్రమొహానికి కారణం తిరుగుడు డిస్కేనట. అది సెకనుకు సుమారు వంద, నూటయాభై మెగాబైట్లు చదివితే, చూపుడువేలంత ఉండే కొత్త రకం ఎన్.వి.ఎం.ఇ. వేలల్లో చదువుతుంది. పెద్ద తిరుగుడు డిస్కుకన్న 500 జి.బి.ల ఈ చిన్న ముక్కే మేలని తేల్చింది.

ఇంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా అయిదో పద్దు దగ్గర వచ్చింది. అది పవర్ సప్లయి.

గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా దించి ఎవరి వాటా వారికి పంచే డబ్బా అది. 550 వాట్లది, 80 ప్లస్ ముద్ర ఉన్నది కావాలన్నది. తీసుకొన్న కరెంటులో కనీసం నూటికి 80 పాళ్ళయినా వృథా కాకుండా అందించేవాటికి ఆ ముద్ర వేస్తారు.

"మన కంప్యూటరు మొత్తం ఎన్ని వాట్లు తింటుంది?"

"మహా అయితే నూటయాభై."

"మరి 550 ఎందుకమ్మా?"

"ఉండనీ నాన్నా. ముందు ముందు పనికొస్తుంది" అని కాగితం తిప్పేసింది.

జూన్ నెలలో ఒక శనివారం తెల్లవారుజామున గోల్కొండ ఎక్కి సికింద్రాబాదులో దిగాము. విజయవాడలోనూ ఇవి దొరుకుతాయి. కాని పది కొట్లు తిరిగి బేరమాడాలంటే పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు మించినది లేదని అమ్మాయి పట్టు. లోపల అడుగు పెట్టగానే నాకు కళ్ళు తిరిగాయి. అంతస్తు అంతస్తుకూ వరసగా కొట్లు. కొట్లనిండా అట్టపెట్టెలు. రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల కేబినెట్లు చూస్తే దసరా పందిట్లోకి వచ్చినట్లున్నది.

ఒక కొట్లో ఒక ధర, పక్క కొట్లో మరొక ధర. ధర మరీ తక్కువ చెప్పినవాడు, "బిల్లు కావాలా సార్?" అని నెమ్మదిగా అడిగాడు. బిల్లంటే నూటికి 18 జి.ఎస్.టి. కలుస్తుంది. బిల్లు లేకపోతే రేపు వస్తువు చెడినప్పుడు పూచీ అడగడానికి నోరుండదు. బిల్లుతోనే కొన్నాము. ప్రాసెసరు 12,200. బోర్డు 8,300. ర్యాము 3,600. డిస్కు 3,300. బేరమంతా అమ్మాయే ఆడింది. నేను సంచీ మోశాను.

అప్పుడు తెర దగ్గరికి వచ్చాము. కాగితంలో ఉన్నది 22 అంగుళాలది, 6,900. పక్కన 27 అంగుళాలది, 10,000. నా కళ్ళద్దాల నెంబరు ఏటేటా పెరుగుతున్నది. ఆ పెద్ద తెరమీద తెలుగు అక్షరాలు వత్తులతో సహా ఎంత నిండుగా ఉంటాయో ఊహించుకొన్నాను. వచ్చినవాళ్ళకు కూడా మొదట కనబడేది తెరేగదా!

డబ్బెక్కడిది? కొట్టువాడే దారి చూపించాడు. "పవర్ సప్లయి ఎందుకు సార్ అంత పెట్టి? కేబినెట్టుతో పాటు ఏడువందలకు ఇస్తా తీస్కోండి. దీనిమీద కూడా 450 వాట్లని రాసి ఉంది చూడండి." కాగితంలో పవర్ సప్లయి ఖరీదు 3,900. మిగిలేది 3,200. లెక్క గోడకు కొట్టిన మేకులా సరిపోయింది.

"లోపల ఉండే డబ్బా ఎవరు చూడవచ్చారమ్మా!" అన్నాను.

అమ్మాయి వాదించలేదు. "సరే నాన్నా, నీ ఇష్టం" అన్నది. వారం రోజులుగా ప్రతి పద్దుకూ కారణం చెప్పిన పిల్ల, దీనికి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ మౌనం నాకు సరిపడలేదు. పక్కకు వెళ్ళి ఇంటికి ఫోను చేశాను. సంగతంతా విని మా ఆవిడ ఒక్క మాట అడిగింది. "గోడలోపలి తీగ గుర్తుందాండీ?"

ఎందుకు గుర్తుండదు? ఇల్లు కట్టేటప్పుడు వీధి తలుపుకు టేకు చెక్కించాను. దానికోసం కరెంటు తీగ దగ్గర పొదుపు చేశాను. గోడలోపల పోయే తీగ ఎవరు చూస్తారని మేస్త్రీతో అన్నమాట మా ఆవిడ విన్నది. ఆ తలుపును గృహప్రవేశంనాడు అందరూ మెచ్చుకొన్నారు. ఆ తరువాత ఎవరూ దాని వంక చూడలేదు. తీగ మాత్రం ఈనాటికీ రోజూ కనబడుతూనే ఉన్నది. గీజరు వేసినప్పుడు మిక్సీ వేస్తే ఇల్లంతా చీకటి. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో పచ్చడి రుబ్బే వేళా, నా స్నానం వేళా వేరువేరు.

వెనక్కి వచ్చాను. ఆ కొట్లోనే పనిచేస్తున్న కుర్రవాడొకడు, యజమాని చూడకుండా రెండు డబ్బాలూ నా రెండు చేతుల్లో పెట్టాడు. ఏడువందలది అటుకుల పొట్లంలా తేలికగా ఉన్నది. రెండోది చేతిని కిందికి లాగింది. "లోపల సరుకు సార్" అన్నాడు. పైన రాసిన అంకె ఎవరైనా రాయవచ్చు. లోపల సరుకు లేనిదానికి మా ఊరి వేసవి కరెంటు తోడయితే, పోయేది ఏడువందల డబ్బా ఒక్కటే కాదు. ఒక్కొక్కప్పుడు బోర్డును కూడా వెంట తీసుకుపోతుందని అప్పుడు చెప్పింది అమ్మాయి.

22 అంగుళాల తెరే కొన్నాము. కేబినెట్టు 2,600, కీబోర్డూ మౌసూ కలిపి 1,000, కరెంటు పోతే ఆదుకొనే యు.పి.ఎస్. 3,000. మొత్తం 44,800. మిగిలిన రెండువందలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. దారిలో అమ్మాయి పవర్ సప్లయి పెట్టెను ఒళ్ళో పెట్టుకొని నిద్రపోయింది. ఇంత డబ్బాను అంత అపురూపంగా ఎందుకు పట్టుకొన్నదో నాకు తెలియలేదు.

మర్నాడు భోజనాల బల్లమీద పని మొదలు. ముందు ఇనుప కేబినెట్టును తాకి, ఒంట్లో ఉన్న కొద్దిపాటి విద్యుత్తు పోగొట్టుకొని గాని భాగాలు ముట్టుకోలేదు. రెండున్నర గంటల తరువాత స్విచ్చి వేసింది. పంకా తిరిగింది. తెర నల్లగా ఉన్నది. నలభైనాలుగువేల ఎనిమిదివందలు! మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి దేవుళ్ళకు దండాలు పెడుతున్నది. అమ్మాయి తొణకకుండా స్విచ్చి ఆపి, ర్యాము రెండూ తీసి, మళ్ళీ పెట్టి, 'టక్' మనేదాకా గట్టిగా నొక్కింది. ఈసారి తెర వెలిగింది. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటేనట.

విండోస్ కొనడానికి డబ్బు లేదు గనుక ఉచితంగా దొరికే ఉబుంటు వేసింది. దానిలో తెలుగు వస్తుందా అని నా బెంగ. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరిందని, దిగులు లేదని చూపించింది. పాత పద్ధతి ఫాంట్లలో ఉన్న నా ప్రశ్నపత్రాలు మాత్రం అందులో తెరిస్తే ఏ భాషా కాకుండా పోయాయి. విద్యార్థులకు అవి ఎప్పుడూ అలాగే కనబడేవని అమ్మాయి వ్యాఖ్యానం!

దసరా సెలవుల్లో బల్ల సొరుగు సర్దుతుంటే మదర్ బోర్డు అట్టపెట్టెలో ఒక మడత కాగితం దొరికింది. అది అమ్మాయి మొట్టమొదట రాసుకొన్న లెక్క. పది పద్దులున్నాయి. పదోది గ్రాఫిక్స్ కార్డు, 20,000. దానిమీద అడ్డంగా ఒక గీత. గీత పక్కన 'తరువాత' అని చిన్న అక్షరాలు. పవర్ సప్లయి ఎదురుగా 'కార్డు పెట్టినా చాలుతుంది' అని ఉన్నది.

అప్పుడు తెలిసింది 550 ఎందుకో. బ్లెండర్ అనే ఉచిత ప్రోగ్రాముతో కదిలే బొమ్మలు చేయడం దానికి సరదా అని తెలుసు. ఆదివారం ఆదివారం స్నేహితురాలి ఇంటికి వెళ్ళేది ఆ బొమ్మలకోసమేనని తెలియదు. అడిగితే మేము అప్పు చేసయినా కొంటామని, అసలు అడగనే లేదు. అడగకుండా చోటు మాత్రం ఉంచుకొన్నది. ఆ చోటునే నేను నాలుగైదు అంగుళాల తెరకోసం ఏడువందల డబ్బాతో పూడ్చబోయాను.

కాగితం తెచ్చి మా ఆవిడకు చూపించాను.

"నాకు తెలుసు. ఆషాఢం నుంచి ఇంకొక చీటీ కడుతున్నాను" అన్నది, కూర తరుగుతూ.

"మరి గాజులు?"

"గాజులెక్కడికి పోతాయి?"

ఆ చీటీ డబ్బుకు, పరీక్షపత్రాలు దిద్దగా నాకు వచ్చింది కలిపాము. 2025 సంక్రాంతికి కార్డు వచ్చి ఖాళీ గాడిలో కూర్చున్నది. అది ఒక్కటే 130 వాట్లు తింటుంది. పాత పవర్ సప్లయి చూస్తూ ఊరుకొన్నది, అంతే. పనిలోపనిగా ర్యాము కూడా పెంచుదామంటే అమ్మాయి తొందరేమన్నది. 2025 చివరికి వాటి ధరలు విపరీతంగా పెరిగిపోయాయి. మిగిలిన రెండు గాళ్ళూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. నా లెక్క చూసి బజారుకు బయలుదేరేవాళ్ళు, అవి 2024 నాటి ధరలని గమనించండి.

మొన్న ఎలక్ట్రీషియనును పిలిపించాను. గోడ తవ్వి తీగ మార్చడానికి ఎంతవుతుందో లెక్క కట్టమన్నాను. చెప్పిన అంకె విని కాసేపు మాట్లాడలేకపోయాను.

మా ఆవిడ గాజులవంక చూసుకొని నవ్వింది. ఈసారి ముందు గాజులేనని చెప్పాను. తీగ సంగతంటారా, పన్నెండేళ్ళు దాటాయి. మిక్సీ తిరిగేదాకా స్నానం ఆపుకోవడం నాకు అలవాటయిపోయింది.