నిద్ర మాత్ర కోసం వచ్చినవాళ్లు

కరోనా సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టాక, 2021 వేసవి చివర్లో, మా ఆసుపత్రి సిబ్బందే సైకియాట్రిస్టునైన నా గదికి రావడం మొదలుపెట్టారు. ఓపీ చీటీ రాయించుకుని వచ్చినవాళ్లు లేరు. రోగులంతా వెళ్లిపోయాక తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, నిద్ర పట్టట్లేదు, ఏదైనా మాత్ర రాయండి" అనేవారు. కడుపులో మంట, గుండెదడ, తలనొప్పి చెప్పేవారు గానీ మనసు సంగతి ఎత్తేవారు కాదు. (మనుషుల్ని గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.)

ప్రాణభయంతోనే వైద్య సిబ్బంది కుంగిపోయారని చాలామంది అనుకుంటారు. ఫస్ట్ వేవ్‌లో అది నిజమే. పీపీఈ కిట్ తొడిగితే డ్యూటీ అయ్యేదాకా మంచినీళ్లు లేవు. ఇంటికెళ్తే పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలంటే భయం. కొందర్ని ఇల్లు ఖాళీ చేయమన్నారు, కొందరిమీద చెయ్యి చేసుకున్నారు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల వరకు జైలు అని చెప్పాల్సి వచ్చింది. సెకండ్ వేవ్ నాటికి మాలో చాలామంది టీకా వేయించుకున్నారు. భయం తగ్గింది. నేను చూసినంతలో కుంగుబాటు మాత్రం అప్పుడే ముదిరింది. ఏ వైద్యం చేస్తే మనిషి నిలబడతాడో తెలుసు, చేద్దామంటే మంచం ఖాళీ లేదు.

ఎనస్థీషియా పీజీ చేస్తున్న కుర్రాడొకడు ఇలా చెప్పాడు: "వెంటిలేటర్ ఒకటే ఖాళీ అయింది మేడమ్. బతికే అవకాశం ఎక్కువున్నామెకే ఇచ్చాను. సార్‌ని అడిగితే ఆయనా అదే చేసేవారు. కానీ రెండో ఆయన కొడుకు నా కాళ్లు పట్టుకున్నాడు." చెబుతూ చెబుతూ పాదాలు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఈ బాధకు వియత్నాం యుద్ధ సైనికులకు వైద్యం చేసిన అమెరికన్ సైకియాట్రిస్టు జొనాథన్ షే నైతిక గాయమని పేరు పెట్టారు. అతని నిర్ణయంలో తప్పు లేదు, అది అతనికీ తెలుసు. కాబట్టి "నీ తప్పేం లేదు" అన్న ఓదార్పు అతనికి ఎందుకూ పనికిరాలేదు. నేను చేసిందల్లా అతను చెప్పింది చివరిదాకా వినడం, వాళ్ల హెచ్‌ఓడీతో మాట్లాడి కొన్నాళ్లు ఐసీయూ నైట్ డ్యూటీలు తప్పించడం. మందులకన్నా రోస్టర్ మార్పే ఎక్కువ పనిచేసింది.

"నా పేరుతో కేస్‌షీట్ తెరవకండి మేడమ్" అని కూడా బతిమాలాడు. ఈ భయం మన ఒక్కచోటే లేదు. 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్న న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్, మానసిక చికిత్స తీసుకుంటే లైసెన్స్ పోతుందని భయపడిందని ఆమె కుటుంబం చెప్పింది. ఆమె పేరుతో అమెరికాలో 2022లో చట్టం వచ్చింది.

ఒక సిస్టర్ బాధ వేరు. చనిపోయినవాళ్ల ఫోన్లు, గాజులు కవర్లో వేసి పేరు రాసే పని ఆమెది. కవర్లో ఫోన్ మోగేది. తెర మీద "చిన్నోడు" అని కనిపించేది. మరణవార్త డాక్టరే చెప్పాలి, కాబట్టి ఆమె ఎత్తకూడదు. మోగి మోగి ఆగిపోయేదాకా పక్కనే నిలబడేది. ఆ తర్వాత సొంత తల్లి ఫోన్ చేసినా ఎత్తలేకపోయింది. అదే వార్డులో పనిచేసిన సిస్టర్లను డ్యూటీ దిగాక ఒకచోట కూర్చోబెడితే, మిగతావాళ్లకూ అలాంటివే ఉన్నాయని బయటపడింది. అక్కణ్ణుంచే ఆమె కోలుకోవడం మొదలైంది.

శవాలకు కవర్లు కట్టిన అవుట్‌సోర్సింగ్ వర్కర్ తనంతట తాను రాలేదు. తాగుడు ఎక్కువైందని భార్య తీసుకొచ్చింది. ఒత్తిడి తగ్గించుకోవడం మీద మాకు ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు, అతనికి ఎవరూ ఏదీ పెట్టలేదు. వారానికో సెలవు ఇప్పించమని కాంట్రాక్టర్‌కు రాస్తే, మానిన రోజుకి జీతం రాదని జవాబొచ్చింది. నా ఓపీకి రావాలన్నా అతను ఒక రోజు జీతం వదులుకోవాలి. అందుకని మార్చురీ పక్కనున్న స్టోర్‌రూమ్‌కి నేనే వెళ్లి చూసేదాన్ని. తాగుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వారం సెలవు మాత్రం అతనికి ఇప్పటికీ లేదు.