సోలెడు పిండి, సీసాడు తేనె

శ్రీముఖలింగం గుడి కథ మా సవర పిల్లలందరికీ తెలుసు. ఒక సవర దొరకి ఇద్దరు భార్యలు. వాళ్ళకో ఇప్పచెట్టు. తగువు లేకుండా చెరో కొమ్మ పంచితే, ఒకామె కొమ్మ నుంచి రాలిన పువ్వులు బంగారమయ్యాయట. గొడవ ముదిరి చెట్టు నరికితే శివుడు కనిపించాడని, అందుకే మధుకేశ్వరుడన్న పేరు వచ్చిందని చెబుతారు. లెక్కలు చెప్పుకునే వాళ్ళం కాబట్టి మాకు ఈ కథలో బుట్టలే కనిపిస్తాయి. రెండు బుట్టలూ ఒకటే, తూకం మాత్రం వేరు.

శివరాత్రి జాతరకి, చక్రతీర్థ స్నానానికి మావాళ్ళు కొండలు దిగి వంశధార ఒడ్డుకి వస్తారు. అక్కడ చోడిపిండి బిస్కెట్లు అమ్ముదామని ఒక ఏడాది మా ఊరి ఆడవాళ్ళతో కలిసి అనుకున్నాం. వాళ్ళకి శిక్షణలో ఇచ్చిన కాగితంలో పిండి 250 గ్రాములు, బెల్లం పొడి 125, నెయ్యి 125 అని ఉంది. ఊళ్ళో కాటా లేదు. సోల ఉంది. నీళ్ళు పోసి చూస్తే అందులో పావులీటరు పట్టింది. "పావు అంటే 250 కదా, సోలెడు పిండి, అరసోల నెయ్యి వెయ్యండి" అని చెప్పాం. చెప్పింది ఎవరో కాదు, డి.ఎడ్. చదివిన మేమే.

ఇసుక పోసిన డేగిసాలో పళ్ళెం పెట్టి, మూతేసి కాల్చాం. బిస్కెట్లు రేకుల్లా పరుచుకుపోయి అంచులు మాడాయి. "ఏటి మాస్టారూ, అట్లు పోయించారా?" అని ఒక అప్ప నవ్వింది. తలా కొంత వేసుకుని కొన్న నెయ్యి అది. మాకు నవ్వు రాలేదు.

మర్నాడు సోల బడికి పట్టుకెళ్ళి, కిరాణా కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చాం. పిల్లల చేత ఒక్కొక్కటీ అంచుకి సమానంగా పోయించి, ఖాళీ సోల బరువు తీసేసి రాయించాం. నీళ్ళు 250 గ్రాములు. బియ్యం 210. నూనె 230. చోడిపిండి గుల్లగా పోస్తే 130, తట్టి తట్టి నింపితే 160 దాటింది. అంటే మేం సగం పిండే వేశాం, నెయ్యి మాత్రం ఇంచుమించు సరిగ్గా వేశాం. పరుచుకోక ఏం చేస్తుంది! గుల్లగా పోస్తే దాదాపు రెండు సోలలు కావాలి. లీటరుకి కిలో అన్న లెక్క నీళ్ళకే చెల్లుతుంది. నూనె ప్యాకెట్ మీద 1 లీటరు పక్కన 910 గ్రాములని రాసి ఉండేది కూడా అందుకే.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని పిల్లల అమ్మమ్మలు ఇప్పటికీ చెప్తారు. మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చింది. మా ఇళ్ళలో కుంచం ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. ఏ సరుకుకి సోల ఎన్ని గ్రాములో గోడ మీద రాసుకుంటే చాలు.

చివర్లో ఒక పిల్ల ఇంటి నుంచి తెచ్చిన తేనె పోశాం. 350 గ్రాములు! కాటా పాడైందని పిల్లలు మళ్ళీ తూయించారు. మళ్ళీ అంతే. లీటరు సీసా తేనె ఒక కిలో 400 గ్రాములన్నమాట.

మాకు అక్కడే ఆగిపోయింది. మా చిన్నప్పుడు అయ్య కొండ తేనె లీటరు సీసాల్లో సంతకి తెచ్చేవాడు. షావుకారు సీసాకి కిలో అని లెక్క కట్టి డబ్బులిచ్చేవాడు. సీసా నిండుగా ఉంది, లెక్క సరిపోయింది అనుకుని ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని కొండెక్కేవాళ్ళం. గిరిజన సహకార సంస్థ డిపోలో తేనె కిలోల్లో తూచి కొంటారు. కానీ డిపో దూరం, సంత దగ్గర.

ఆ సాయంత్రం అయ్యకి ఈ సంగతి చెప్పాం. "సీసాకి నాలుగొందల గ్రాములా?" అన్నాడు. కాసేపటికి వేళ్ళు మడుస్తూ ఏడాదికి ఎన్ని సీసాలు దింపేవాడో లెక్క మొదలుపెట్టాడు.