చంద్రుడి మీద తడి ఇసక ఉండదు మామా

మాది కోట. రాజులు కట్టించిన కోట కాదండోయ్, గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే తగిలే కోట. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు ఊరు అంగుళం కూడా కదలకుండా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఎవరైనా అడిగితే "నెల్లూరోళ్ళం" అనే చెప్తూ వచ్చాం. మాకు దక్షిణాన శ్రీహరికోట. రాకెట్ ఉందంటే ఊరు ఊరంతా మిద్దెలెక్కుద్ది. ముందు వెలుగు కనబడుతుంది, చప్పుడు తాపీగా తర్వాతొస్తుంది.

2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు మిద్దె మీదే ఉన్నాడు. అందరం రాకెట్ గురించి మాట్లాడుకుంటుంటే వాడికి మాత్రం ఆగస్టు 23న దిగిన విక్రమ్ లోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ నచ్చింది. 26 కిలోల బండి, ఆరు చక్రాలు, సెకనుకి ఒక సెంటీమీటర్ నడక. "రాకెట్టు ఒకసారి పోతే అయిపోయె. బండైతే తిరగతా ఉంటది గదా మామా" అన్నాడు. వాదించడానికేముంది?

మొన్న సంక్రాంతికి వెళ్తూ వాడికని లెగో టెక్నిక్ ముక్కలు కొనుక్కెళ్ళా. వాడికని అన్నానా? సర్లెండి, నాకే :). రెండు మోటార్లు, ఆరు పెన్ బ్యాటరీల పెట్టె, రకరకాల పళ్ళ చక్రాలు. పుస్తకంలో బొమ్మలు చూసి కట్టే బండి కాదు, మేమే సొంతంగా ప్రజ్ఞాన్ లాంటిది కడదామని ప్లాను.

ఇలాంటి బండ్లలో అసలు కిటుకు రాకర్-బోగీ. అమెరికాలో జేపీఎల్ వాళ్ళు 1980ల చివర్లో తయారుచేసిన పద్ధతి. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ నుంచి మన ప్రజ్ఞాన్ దాకా అదే. స్ప్రింగులుండవు. ఒక్కో పక్క ఒక పెద్ద చెయ్యి, దాని చివర ఇంకో చిన్న చెయ్యి, రెండూ కీలు మీద ఊగుతాయి. ఒక చక్రం రాయెక్కినా మిగతావి నేల వదలవు. రెండు పక్కల చేతుల్నీ నడుమ ఒక డిఫరెన్షియల్ కలుపుతుంది. ఎడమ పక్క ఎంత లేచిందో, కుడి పక్క ఎంత దిగిందో చూసుకుని, పైన పెట్టె ఆ రెంటి సగటులో నిలబడుతుంది. ఇది ఇంజనీరింగులో చదివిందే. చేత్తో కట్టాక గానీ అర్థం కాలేదు. డిఫరెన్షియల్ మర్చిపోయి బిగిస్తే పెట్టె ముక్కు నేలకి కొట్టుకుంది.

మూడు రోజులు పట్టింది. హాల్లో టైల్స్ మీద పరిగెత్తింది. రెండు డిక్షనరీలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎక్కి దిగింది. అక్క చప్పట్లు కొట్టింది. నేను వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టా. పదిహేను లైకులు.

మర్నాడు కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాం. అలలు వచ్చి వెనక్కిపోయిన చోట వదిలితే బ్రహ్మాండంగా పోయింది. నేను ఫోను తీసి ఇంకో వీడియో మొదలెట్టా. మావాడు నోట్‌బుక్కు పట్టుకుని నిలబడి, "ఇది తడి ఇసక గదా మామా" అన్నాడు.

"అయితే ఏంది?"

"చంద్రుడి మీద తడి ఇసక ఉండదు గదా."

చంద్రయాన్-1 కనిపెట్టిన నీటి జాడల గురించి చెప్పి తప్పించుకోబోయా. వాడు వినకుండా బండి చేత్తో ఎత్తుకెళ్ళి పైన పొడి ఇసకలో పెట్టాడు. రిమోట్ నొక్కితే చక్రాలు గిర్రున తిరిగాయి, బండి మాత్రం ముందుకి కాదు, కిందికి పోయింది. పది సెకన్లలో సగం చక్రాలు లోపల.

తడి ఇసకలో రేణువుల మధ్య నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది. పొడి ఇసకలో ఆ పట్టు ఉండదు. 2009లో స్పిరిట్ రోవర్ అంగారకుడి మీద ఇలాగే మెత్తటి మట్టిలో దిగబడింది. నాసా వాళ్ళు భూమ్మీద మట్టి పోసి, ఇంకో రోవర్ని అందులో దించి నెలల తరబడి ప్రయత్నించారు, బయటికి రాలేదు. మనవాళ్ళయితే తమిళనాడులో సిత్తంపూండి నుంచి చంద్రుడి నేలని పోలిన రాయి తెప్పించి, పొడి చేయించి ముందే పరీక్షలు చేసుకున్నారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే టైల్స్ మీద నడిపించి వీడియో పెట్టా.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా. ఆయన రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేస్తాడు. "ట్రాక్టర్ దిగబడితే ఎచ్చులేటర్ తొక్కేదెవడ్రా అబ్బయా? నిదానంగా తిప్పాల. ఎనక బరువు తియ్" అన్నాడు. అంతే, టీ తాగి వెళ్ళిపోయాడు.

8 పళ్ళ చక్రంతో 40 పళ్ళది తిప్పేలా మార్చాం. వేగం అయిదో వంతు, బలం అయిదింతలు. బ్యాటరీ పెట్టె వెనక నుంచి నడిమికి జరిపాం. చక్రం 56 మిల్లీమీటర్లది, అంటే పది చుట్లకి 176 సెంటీమీటర్లు పోవాలి. పొడి ఇసకలో 61 పోయింది. మూడో రోజు మావాడు తెగిపోయిన హవాయి చెప్పు కోసి, ఆ రబ్బరు పట్టీలు చక్రాలకి అడ్డంగా అతికించాడు. 128! నేను ఎగిరి గంతేశా. వాడు మాత్రం, "పట్టీలతో చక్రం పెద్దదయింది గదా, 176 తప్పు" అని రాసుకున్నాడు.

ఆ రాత్రి వాడి నోట్‌బుక్కు తిరగేశా. మొదటి పేజీలో నా టైల్స్ పరీక్ష లేదు. "సముద్రం, తడి ఇసక: పోయింది. పొడి ఇసక: దిగబడింది. కారణం: తెలీదు" అని ఉంది. దిగబడిన రోజు "ఇది రాయొద్దులేరా" అన్నా వాడితో. "మా టీచర్ అన్నీ రాయమనింది" అని రాసేశాడు.

నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా. రెండేళ్ళ కిందట నేను రాసిన ఒక ప్రోగ్రాం కస్టమర్ దగ్గర పడిపోయింది. ఖాళీ గడులున్న రికార్డులు వస్తే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. నా మెషీన్లో ఒకసారి పడిపోయింది కూడా. గడువు దగ్గర పడిందని శుభ్రమైన డేటాతో నడిపించి "ఓకే" అనేశా. తర్వాత మీటింగులో "టెస్టింగులో ఇది ఎలా తప్పిపోయింది?" అని మేనేజర్ అడిగితే, అందరూ టీములో కొత్తగా చేరిన టెస్టర్ వైపు చూశారు. నేనూ చూశా. నోరు తెరవలేదు. ఆ ఏడాది ఆ అమ్మాయికి రేటింగ్ తగ్గింది, కొన్నాళ్ళకి వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. అది ప్రాసెస్ లోపం అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చా. అదేం ప్రాసెస్సండీ, నేను తడి ఇసక మీద నడిపించి వీడియో తీసుకున్నా, అంతే.

తిరిగొచ్చాక ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "అప్పుడే చెప్పుంటే బాగుండేది" అంది. నిజమే. ఇంతకన్నా మంచి ముగింపు నా దగ్గర లేదు. అప్పటి మేనేజర్‌కి కూడా మెయిల్ రాశా. రేటింగ్ ఎలాగూ వెనక్కి రాదు. ఆ మెయిల్‌లో మాత్రం అన్నీ రాశా.

బండి ఇప్పుడు కోటలోనే ఉంది. పళ్ళ చక్రాల్లో ఇసక చేరి కరకరమంటోందట. ముక్కలన్నీ విప్పి, సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టమన్నా, మోటార్లూ బ్యాటరీ పెట్టె మాత్రం తడపొద్దని. ఉగాదికి వెళ్తున్నా. ఈసారి వాడు బండి కడతాడు, నేను నోట్‌బుక్కు పట్టుకుంటా.