రాగభయముల నడుమ రాజు

జయాపజయములను సమముగా భావించి యుద్ధము చేయుమని గీతాచార్యుడు ద్వితీయాధ్యాయమున ఉపదేశించెను. సమత్వమునకును యుద్ధమునకును పొత్తెట్లు కుదురునని సాధకులకు సందేహము కలుగుట సహజము. 1872లో వియన్నా నగరమున జరిగిన ఒక చదరంగపు ఆట దీనికి చక్కని దృష్టాంతము. తెల్లపావులు కార్ల్ హాంపెవి. నల్లపావులు, అణువిచ్ఛిత్తి పరిశోధనలో ఖ్యాతిగాంచిన లీసె మైట్నర్ జనకుడైన ఫిలిప్ మైట్నర్‌వి. ఆ ఆట 'అమరమైన డ్రా'గా ప్రసిద్ధి చెందినది.

హాంపె వియన్నా ప్రారంభమును అవలంబించెను. ఇరువైపులా రాజు ముందరి బంటు రెండేసి గడులు నడచిన పిమ్మట, మంత్రి వైపు గుర్రమును వెలికి తీయుట దాని లక్షణము. మూడవ ఎత్తున ఆ గుర్రమును బల్ల అంచునకు పంపి, నల్లశకటుపై గురి పెట్టెను. మైట్నర్ వెనుదీయక, ఆ శకటుతో తెల్లరాజు చెంతనున్న బంటును కొట్టి, శకటును బలి యిచ్చెను. తొమ్మిదవ ఎత్తున మంత్రినే అర్పించెను. తెల్లరాజు ఒంటరిగా పరసేన నడుమకు లాగబడెను. పదునాల్గవ ఎత్తున హాంపెయు తన శకటును త్యజించి ప్రాణము నిలుపుకొనెను.

పదునారవ ఎత్తున తెల్లపక్షమునకు మంత్రి, గుర్రము అధికముగా నున్నవి. అపుడు నల్లశకటు, తనకు ఏ రక్షణయు లేకయే, తెల్లరాజు ప్రక్కకు వచ్చి చెక్ చెప్పెను. దానిని కొట్టినచో నల్లరాజు ఒక్క అడుగు ముందుకు వేయును; వెనుక వరుసలో ఏనుగునకు దారి తెరచుకొనును; పిదప ఆట కట్టు తప్పదు. హాంపె కొట్టక ప్రక్కకు తొలగెను. శకటు మరల చెక్ చెప్పెను. ఈసారి అంచునకు పారిపోయినను మరణమే. కావున రాజు పూర్వపు గడికే వచ్చెను. చెక్ చెప్పుట మానినచో, బలము క్షీణించిన మైట్నర్‌కును ఓటమియే. పదునెనిమిదవ ఎత్తున ఆట సమముగా ముగిసెను.

చేతికందిన శకటు రాగమునకు ఆలంబనము. దూరపు గడి భయమునకు ఆలంబనము. రెంటికిని లోబడనందుననే రాజు నిలిచెను. విషయసుఖము నిరపాయముగా, సులభముగా దరిచేరినపుడు, దాని వెనుక ఏ ఏనుగు పొంచియున్నదో సాధకుడు విచారింపవలెను. అనుష్ఠానమును విడిచి "నాకన్నియు సమమే" యనువానిది ఆలస్యము మాత్రమే. మంత్రిని సైతము అర్పించి, కడవరకు జాగరూకుడై పోరాడినవానికి లభించు సమస్థితియే సమత్వము.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.