కోటలాంటి బిషప్ ఇల్లు

ఫ్రాన్స్ దక్షిణాన, టార్న్ నది ఒడ్డున ఆల్బీ పట్టణం. అక్కడి బెర్బీ ప్రాసాదాన్ని తొలిసారి చూసినవారు దాన్ని మతగురువు నివాసమని అనుకోరు. ఎర్రటి ఇటుక గోడలు, దిట్టమైన బురుజులు: అచ్చం కోటే.

దానికి కారణం ఉంది. 13వ శతాబ్దంలో ఈ ప్రాంతంలో కాథర్లనే క్రైస్తవ శాఖపై చర్చి యుద్ధమే చేసింది. 1209లో మొదలైన ఆ పోరు ఇరవై ఏళ్లు సాగింది. ఆ తర్వాత ఆల్బీ బిషప్పులు మతాధికారులే కాదు, ఊరికి ప్రభువులు కూడా. వారిలో బెర్నార్ ద కాస్తనే మరీ కఠినుడు, మతవిచారణలు జరిపించాడు. ఈ ఇంటిని మరింత పటిష్ఠం చేసిందీ, పక్కనే ఉన్న సెంత్ సెసీల్ మహాచర్చికి 1282లో పని మొదలుపెట్టిందీ ఆయన కాలంలోనే. ఆ గోడల దళసరిలో భక్తి కంటే భయమే ఎక్కువ కనిపిస్తుంది.

కాలం మారింది. 17వ శతాబ్దానికి నదివైపు పూలతోట వచ్చింది.

1905లో ఫ్రాన్స్ చర్చినీ ప్రభుత్వాన్నీ వేరు చేసింది, బిషప్పు ఇల్లు ఖాళీ అయింది. 1922 నుంచి అక్కడ ఉన్నది ఆల్బీలోనే పుట్టిన చిత్రకారుడు తులూజ్ లొట్రెక్ మ్యూజియం. కొడుకు చిత్రాలను ఊరికి ఇచ్చింది ఆయన తల్లి. పారిస్ వేశ్యాగృహంలో కూర్చున్న స్త్రీలను ఎంతో గౌరవంగా గీసిన 1894 నాటి పెద్ద చిత్రం కూడా ఇప్పుడు ఆ బిషప్పుల గోడల మధ్యే ఉంది. ఆ భవనానికి ఇంతకంటే మంచి వారసుడు దొరికేవాడు కాదు.