సాల్ట్ లేక్‌లో ఎర్రాకు

జనవరి ఆఖరి వారంలో కోల్‌కతా పుస్తకాల పండగ చూద్దామని సాల్ట్ లేక్ వెళ్లి, కరుణామయి దగ్గర అక్క వాళ్లింట్లో దిగాను. రెండో రోజు పొద్దున్నే బడికి బయల్దేరిన అక్క కూతురు గేటు దాకా వెళ్లి పరుగున వెనక్కొచ్చింది. "పిన్నీ, మేపుల్ ఆకు దొరికింది!"

ఆకు జానెడు పొడవుంది. కాడ దగ్గర సన్నగా మొదలై చివరికి వెడల్పైంది. చిక్కటి ఎరుపు, ఈనెల వెంట మాత్రం ఇంకా పచ్చ చారలున్నాయి. అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీ నుంచి చుట్టాలు పంపే ఫొటోల్లో చెట్లన్నీ ఈ రంగులోనే ఉంటాయి మరి! అది బాదం ఆకని చెప్పాను. "మేపుల్ కాదని ఎలా తెలిసింది?" అని నిలదీసింది. నా దగ్గర సరైన జవాబు లేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న చెట్టు గనక తెలుసు, అంతే.

ఆదివారం మాతోపాటు పక్కింటి మాస్టారు బనబితాన్‌కి వచ్చారు. సెంట్రల్ పార్కుకి అదే పేరు. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పిల్ల దాదూ అని పిలుస్తుంది. ఈ ఊళ్లో ముసలి చెట్లు ఉండవన్నారాయన నడుస్తూ. 1962లో మొదలుపెట్టి, హుగ్లీ ఒండ్రుని పైపుల్లో తోడి పోసి ఉప్పు చెరువుల్ని పూడ్చారు. ఊరికి ప్లాను గీసింది యుగోస్లావియా నుంచి వచ్చిన దోబ్రివోయె తోష్కోవిచ్. ఈ నేలకే అరవై ఏళ్ల పైచిలుకు వయసు. కాబట్టి ఇక్కడి చెట్లు మనుషులు నాటినవన్నా కావాలి, పిట్టలో గబ్బిలాలో గింజ పడేస్తే మొలిచినవన్నా కావాలి.

బాదం చెట్టు దగ్గర ఆగి కొమ్మ వంచారు. ఆకులన్నీ కొమ్మ చివర గొడుగులా గుత్తి కట్టి ఉన్నాయి. వాటి కింద, రాలిపోయిన ఆకుల మచ్చలు కొమ్మ చుట్టూ మెలి తిరుగుతూ కిందికి దిగాయి. పిల్ల వేలితో ఒక్కో మచ్చా తడుముతూ వెళ్లింది. ఏ రెండూ ఎదురెదురుగా లేవు. "మేపుల్‌కి ప్రతి కణుపు దగ్గరా రెండాకులు ఎదురెదురుగా పుడతాయి. కాయకి రెండు రెక్కలుంటాయి, గిరగిరా తిరుగుతూ రాలుతుంది. ముందు ఈ రెండూ చూడాలి, రంగు సంగతి ఆ తరవాత" అన్నారు.

రంగు ఎందుకు పనికి రాదో కూడా చెప్పారు. ఎర్ర మేపుల్ అని పేరున్న చెట్టే ఒకచోట పసుపు, ఒకచోట నారింజ, ఇంకోచోట ఎరుపు తిరుగుతుంది. వెండి మేపుల్ లేత పసుపుతో సరిపెట్టుకుంటుంది. నార్వే మేపుల్‌లో ఒక తోటరకం వేసవంతా ఊదా రంగులోనే ఉంటుంది. స్వీట్‌గమ్ ఆకు నక్షత్రంలా చీలి ఎర్రబడి మేపుల్‌నే తలపిస్తుంది గానీ, దాని ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, కాయ ముళ్ల బంతి. ఆకుపచ్చ విరిగిపోయాక, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, రాలే ముందు ఆకు కొత్తగా తయారుచేసుకుంటుంది. ఆ రంగుపదార్థం పేరు ఆంథోసయనిన్. మన బాదం ఎర్రబడేదీ దానితోనే.

మరి ఆకు ఆకారం చూసి చెప్పొచ్చు కదా అన్నాను. హిమాలయాల్లో ఏసర్ ఆబ్లాంగమ్ అనే మేపుల్ ఉంది. దాని ఆకుకి చీలికలే ఉండవు, చలికాలంలోనూ చాలామటుకు పచ్చగానే ఉంటుంది. ఆ పేరు పెట్టింది కలకత్తా వృక్షశాస్త్ర తోట అధికారి వాలిక్. ఇక పార్కులో ఇంకాస్త ముందుకెళ్తే ముచుకుంద చెట్టు కనిపించింది. దాని శాస్త్రీయ నామంలో ఉన్న ఏసరిఫోలియమ్ అన్న మాటకి మేపుల్ ఆకులది అనే అర్థం! ఆకు అడుగున తెల్లటి నూగు. పిల్ల దాన్ని చెంపకి రుద్దుకుంది. కానీ మేపుల్‌తో దానికి చుట్టరికం ఆ పేరు వరకే.

తిరిగొస్తూ డీఎఫ్ బ్లాకు వైపు చెయ్యి చూపించి, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం అక్కడేనన్నారు. 1890లో పుట్టిన సంస్థ అది. దాని కేంద్ర హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల భాండారం, వాలిక్ పనిచేసిన ఆ తోటలోనే, హౌరాలో ఉంది. ఎండబెట్టిన ఆకులో రంగు నిలవదు గనక, సేకరించేవాళ్లు కోసిన రోజే చీటీ మీద రంగు రాసిపెడతారట. 1793లో ఆ తోటకి వచ్చిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అంతకు ముందు పనిచేసింది మా సామర్లకోటలో. మొక్కల పక్కన తెలుగు పేర్లు రాసుకున్న మనిషి. మా వైపు ఈ బాదం ఆకుల్నే పుల్లలతో గుచ్చి విస్తరి కుడతారు, కాయల్ని రాయితో కొట్టి పప్పు తింటాం. ఇంత దగ్గరి చెట్టుని మా పిల్ల మేపుల్ అనుకోవడం నాకు కష్టంగానే తోచింది.

ఇంటికొచ్చాక పిల్ల డ్రాయింగు కాగితం మీద ఆకుని దారంతో కుట్టి, కింద రాసింది: బాదం. కాఠ్ బాదామ్. కరుణామయి ఫుట్‌పాత్. ఎరుపు, ఈనెల దగ్గర పచ్చ. ఆకులు కొమ్మ చివర గుత్తిగా ఉన్నాయి, ఎదురెదురుగా లేవు.

నేను హౌరాలో రైలెక్కేనాటికి ఆకు గోధుమ రంగుకి తిరిగింది.